‘ఇతర భాషలు’ అనే గడిలో మనం

వీసా బులెటిన్ ఈ నెల ఎన్ని రోజులు ముందుకి జరిగిందో, పోయిన ఏడాది ఎన్ని నెలలు వెనక్కి జారిందో మనవాళ్ళలో ఎవర్ని అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా తడుముకోకుండా చెప్తారు. ఫెడరల్ గవర్నమెంటుతో మన అనుబంధం అలాంటిది. అదే, “మీ కౌంటీ కౌన్సిల్లో మీ డిస్ట్రిక్టు మెంబరు ఎవరండీ?” అని పట్టపగలు అడిగి చూడండి. చాలామంది ఫోను తీసి వెతుక్కుంటారు. సిటీ, కౌంటీ అనగానే మనకి గుర్తొచ్చేవి మూడే మూడు: ప్రాపర్టీ టాక్సు, స్పీడింగు టికెట్టు, శనివారం పిల్లల్ని తీసుకెళ్ళే లైబ్రరీ.

సాంకేతిక విషయాల శీర్షికలో ఈ గొడవేమిటి అనుకోవద్దు. వలసవచ్చినవాళ్ళకి సిటీలూ కౌంటీలూ ఇచ్చే సేవలు ఏ భాషలో ఉండాలి, ఎవరిదాకా చేరాలి అన్నది చివరికి ఒక డేటా సమస్య. ఎవర్ని లెక్కపెట్టాలి, ఏ గడిలో వెయ్యాలి, ఎంతమంది దాటితే పట్టించుకోవాలి - ఇవన్నీ మనం రోజూ ఆఫీసులో చేసే పనులే. ఆ లెక్కలో తెలుగువాళ్ళం ఎక్కడున్నాం అన్నదే నా ప్రశ్న. ఎక్కడా లేం. ఉంటే గింటే ‘ఇతర భాషలు’ అనే గడిలో ఉన్నాం. అందులో ప్రభుత్వం పొరపాటు కొంత, మన పొరపాటు ఎక్కువ అని నా అభిప్రాయం.

అవి మనకోసం కాదులే!

నేను ఉండేది సియాటిల్ పక్కన, సరస్సుకి తూర్పు వైపు. బెల్‌వ్యూ ఊళ్ళో క్రాస్‌రోడ్స్ అని ఒక షాపింగు సెంటరు ఉంది. మధ్యలో ఫుడ్ కోర్టు, ఒక పక్క నేలమీదే గీసిన పెద్ద చదరంగం, దానిమీద మోకాలి ఎత్తు పావులు. చలికాలంలో మన పెద్దవాళ్ళు చాలామంది అక్కడికే వాహ్యాళికి వస్తారు. ఆ షాపుల మధ్యే బెల్‌వ్యూ సిటీ వాళ్ళ ‘మినీ సిటీ హాల్’ అని ఒక చిన్న ఆఫీసు 1990ల నుంచీ నడుస్తోంది. నీళ్ళ బిల్లు సంగతి దగ్గర్నుంచి, ఇంగ్లీషు క్లాసులు ఎక్కడ, అద్దె ఇంటి గొడవకి ఎవర్ని అడగాలి అన్నదాకా అక్కడ చెప్తారు. ఇంగ్లీషు రానివాళ్ళ కోసం కొన్ని ఇతర భాషల్లో కూడా మాట్లాడతారు. సిటీ హాలుకి రావడానికి జంకేవాళ్ళు షాపింగు సెంటరుకి వస్తారు కదా, మనమే అక్కడికి వెళ్దాం అన్నది దాని వెనకున్న ఆలోచన. ఇంగ్లీషులో ‘ఔట్‌రీచ్’ అంటారే, దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

దాని ముందునుంచి వందసార్లు నడిచివెళ్ళిన మనవాళ్ళని అడిగాను, లోపలికి ఎప్పుడైనా వెళ్ళారా అని. “అది రెఫ్యూజీల కోసం కదండీ” అన్నాడొకాయన. “మనకెందుకండీ, మనం బానే ఉన్నాం కదా” అన్నారు ఇంకొకరు. ఈ ‘మనం’ ఎవరు? హెచ్‌-1 మీద వచ్చి, గ్రీన్ కార్డు కోసం ఏళ్ళతరబడి ఎదురుచూస్తూ, రోజుకి పది గంటలు ఇంగ్లీషులో మీటింగులు నడిపే నేనూ మీరూనా? అయితే నిజమే, మనం బానే ఉన్నాం. కానీ మన ఇళ్ళలో ఉన్నది మనమొక్కరమే కాదు. ఆరునెలలు ఉండి వెళ్ళే అమ్మా నాన్నా ఉన్నారు. గ్రీన్ కార్డు మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన అత్తగారూ మామగారూ ఉన్నారు. పెళ్ళయిన నెలకే విమానం ఎక్కి, ఎవరూ తెలీని ఊళ్ళో హెచ్‌-4 మీద దిగిన ఆడపిల్లలు ఉన్నారు. గాస్ స్టేషన్లలో, మోటళ్ళలో, కిరాణా కొట్లలో పనిచేసే తెలుగువాళ్ళు ఉన్నారు. వాళ్ళు మన సంఘాల దీపావళి ఫోటోల్లో అంతగా కనపడరు, అంతే.

కుంపటి నేర్పిన పాఠం

భాష అందకపోతే ఏమవుతుందో మా కౌంటీ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 2006 డిసెంబరు మధ్యలో ఇక్కడ పెద్ద గాలివాన వచ్చింది. లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, కొన్ని చోట్ల రోజులతరబడి రాలేదు. గడ్డకట్టే చలి. చాలా కుటుంబాలు వంటకీ వెచ్చదనానికీ ఇంట్లోనే బొగ్గులు రాజేసుకున్నాయి. తలుపులూ కిటికీలూ బిగించిన ఇల్లు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు ఇంటినిండా పేరుకుంది. కింగ్ కౌంటీలో రెండువందలమందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు, ప్రాణాలు కూడా పోయాయి. బాధితుల్లో ఎక్కువమంది వేరే దేశాలనుంచి వచ్చినవాళ్ళు. హెచ్చరికలు లేక కాదు, రేడియోలో టీవీలో చెప్తూనే ఉన్నారు. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. చివరికి సియాటిల్ టైమ్స్ పత్రిక ఆ హెచ్చరికని మొదటి పేజీలోనే పలు భాషల్లో అచ్చువేసింది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా అమ్మమ్మగారింట్లో కుంపటి గుర్తొచ్చింది. మన పల్లెటూరి ఇంట్లో కుంపటి పెడితే ఏమీ కాదు. పెంకుటింట్లోంచి, గవాక్షంలోంచి, వేసీ వెయ్యని తలుపుల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది. ఇక్కడి ఇల్లు చలి చొరబడకుండా మూసిన డబ్బా. కుంపటి గురించి మన అమ్మలకి తెలిసినదంతా ఇక్కడ పనికిరాదు, పైగా ప్రాణాంతకం. ఈ ఒక్క వాక్యం వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో ఎవరైనా చెప్పాలి. 2024 నవంబరు 19న మళ్ళీ అలాంటి తుఫాను మా వైపు విరుచుకుపడి రోజులతరబడి కరెంటు పోయినప్పుడు ఎంత తెలుగు ఇంట్లో ఎంతమంది పెద్దవాళ్ళు పగలంతా ఒంటరిగా ఉన్నారో ఆలోచించండి. కొడుకూ కోడలూ వైఫై ఉన్న చోటు వెతుక్కుంటూ ల్యాప్‌టాపులు పట్టుకుని బయటికి వెళ్తే, ఇంట్లో ఉన్న పెద్దావిడకి ఫోనులో మోగిన ఆ ఇంగ్లీషు అలర్టు ఎవరు చదివి చెప్పాలి?

లెక్క ఎలా వేస్తారు?

ఏ భాషకి ఎంత ఖర్చు పెట్టాలో కౌంటీలకి తెలియడానికి ముఖ్యమైన ఆధారం సెన్సస్ బ్యూరో ఏటా చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వే. ఏడాదికి దాదాపు 35 లక్షల ఇళ్ళకి పంపుతారు. అందులో మనకి సంబంధించిన ప్రశ్నలు మూడు. ఇంట్లో ఇంగ్లీషు కాకుండా ఇంకో భాష మాట్లాడతారా? అదేమిటి? ఇంగ్లీషు ఎంత బాగా మాట్లాడతారు - చాలా బాగా, బాగా, అంత బాగా కాదు, అసలు రాదు?

మొదటి రెండు ప్రశ్నల జవాబులంటే మనకి మహా సరదా. అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 2010 నుంచి 2017 లోపల 86 శాతం పెరిగారనీ, నాలుగు లక్షలు దాటారనీ 2018లో వార్త వస్తే వాట్సాప్ గ్రూపులన్నీ ఊగిపోయాయి. అన్నిటికన్నా వేగంగా పెరుగుతున్న భాష మనదే అని చొక్కా కాలరు ఎగరేశాం. తప్పులేదు. కానీ ప్రభుత్వ సేవల లెక్కకి అసలు కావలసింది మూడో ప్రశ్న. ‘చాలా బాగా’ కాకుండా మిగిలిన మూడింట్లో ఏది గుర్తు పెట్టినా ఆ మనిషిని ఇంగ్లీషు పరిమితంగా వచ్చినవాళ్ళ కింద లెక్కేస్తారు. భాషాసేవలు ఆ సంఖ్యని బట్టే ఉంటాయి తప్ప మొత్తం జనాభాని బట్టి కాదు.

ఇక్కడ మన ఇళ్ళలో జరిగేది ఊహించండి. ఫారం నింపేది ఇంటి పెద్దకొడుకు, అంటే సాఫ్టువేరు ఇంజనీరు. అమ్మ గురించి రాయాల్సి వచ్చేసరికి అభిమానం అడ్డొస్తుంది. “అమ్మ బీయే చదివింది, హిందూ పేపరు చదివేది, చాలా బాగా కాక ఏమిటి?” అని టిక్కు పెట్టేస్తాడు. ఆ అమ్మే 911 వాళ్ళు ఫోనులో గబగబా అడిగే ప్రశ్నకి జవాబు చెప్పగలదా అన్నది అతనికి తట్టదు. మర్యాద కోసం పెట్టిన ఆ టిక్కుతో ఆవిడ లెక్కలోంచి మాయమైపోతుంది.

ఇంకొకటి. ఆరునెలలకి వచ్చిన తల్లిదండ్రుల్ని ఈ ఫారంలో రాయక్కర్లేదని మనవాళ్ళు అనుకుంటారు. పదేళ్ళకోసారి జరిగే జనాభా లెక్కల నియమం వేరు. అక్కడ మామూలుగా ఎక్కడ ఉంటారన్నది చూస్తారు. ఈ సర్వేకి మాత్రం రెండు నెలల నియమం ఉంది. ఆ ఇంట్లో రెండు నెలలకి మించి ఉంటున్నవాళ్ళందర్నీ రాయాలి. అంటే ఆరు నెలలు ఉండబోయే అమ్మానాన్నలు కూడా లెక్కలోకే వస్తారు. ఇంటిపేర్లన్నీ ప్రభుత్వానికి ఎందుకివ్వాలి అని భయపడేవాళ్ళూ ఉన్నారు. సెన్సస్ జవాబుల్ని వ్యక్తుల పేర్లతో ఇతర శాఖలకి ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది.

ప్రభుత్వం వైపు పొరపాటు కూడా చెప్పుకోవాలి. 2016కి ముందు సెన్సస్ వాళ్ళు వివరంగా ప్రచురించే భాషల పట్టికలో తెలుగుకి సొంత వరుస లేదు, ఇతర ఆసియా భాషల్లో కలిసిపోయేది. 2016 నుంచి తెలుగు, తమిళం విడివిడిగా వస్తున్నాయి. మలయాళం, కన్నడం ఇంకా ఒక వరుసలోనే ఉన్నాయి. అంటే పై స్థాయిలో డేటా బాగుపడింది. కింది స్థాయిలో, అంటే క్లినిక్కుల్లో, స్కూలు డిస్ట్రిక్టుల్లో, సిటీ దరఖాస్తుల్లో వాడే సాఫ్టువేరు మాత్రం చాలాచోట్ల పాతదే. కన్సల్టెంటుగా ఒక ప్రభుత్వ సంస్థ సిస్టం చూసే పని నాకొకసారి పడింది. ‘మీరు కోరుకునే భాష’ అన్న డ్రాప్‌డౌనులో పదిహేను భాషలు ఉన్నాయి. హిందీ ఉంది. చివర్న ‘ఇతర’ ఉంది. ఆ ‘ఇతర’ పక్కన ఏ భాషో రాసుకోవడానికి ఖాళీ లేదు. ఇక ఏడాది చివర రిపోర్టు తీస్తే తెలుగు అడిగినవాళ్ళు ఎంతమంది? సున్నా. సున్నా కాబట్టి వచ్చే ఏడాది జాబితాలో తెలుగు పెట్టక్కర్లేదు. మన భాషలో చెప్పాలంటే ఇది ఎప్పటికీ బయటపడని లూపు. తెలుగుకి ‘టీఈ’ అని రెండక్షరాల ప్రామాణిక కోడు ఎప్పటినుంచో ఉంది. దాన్ని ఆ పట్టికలో చేర్చడం ఒక పూట పని. కానీ అడిగేవాళ్ళుండాలిగా.

అడిగినవాళ్ళకి దొరికింది

“అంతా సంఖ్యల్ని బట్టే అయితే మనం చేసేదేముంది?” అనొచ్చు. ఎన్నికల బ్యాలెట్ల సంగతి చూడండి. ఓటింగు హక్కుల చట్టంలో 203వ సెక్షను 1975లో చేర్చారు. ఒక భాషా సమూహంలో ఇంగ్లీషు సరిగా రాని, ఓటు వయసొచ్చిన పౌరులు ఒక కౌంటీలో 10,000 దాటినా, లేదా అయిదు శాతం దాటినా ఆ భాషలో బ్యాలెట్టు ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైన కొలత. కింగ్ కౌంటీకి ఈ లెక్కన చైనీస్, వియత్నామీస్ తప్పనిసరి అయ్యాయి. కొరియన్, స్పానిష్ భాషలు ఆ కొలతని అందుకోలేదు. అయినా 2015లో కౌంటీ కౌన్సిలు తనంతట తాను ఆర్డినెన్సు చేసి ఆ రెండూ చేర్చింది. తర్వాత 2024 నుంచి రష్యన్, సోమాలీ కూడా వచ్చాయి. ఫెడరల్ చట్టం బలవంతం చెయ్యలేదు. ఆ సమూహాలవాళ్ళు కౌన్సిలు మీటింగులకి వెళ్ళారు, మైకు ముందు రెండేసి నిమిషాలు మాట్లాడారు, సంతకాలు పెట్టారు. సోమాలీలు మనకన్నా డబ్బున్నవాళ్ళు కారు, మనకన్నా ఎక్కువ డిగ్రీలున్నవాళ్ళు కారు.

మన పరిస్థితిలో ఇంకో చిక్కు ఉంది. ఆ చట్టం దృష్టిలో మనందరం ‘ఏషియన్ ఇండియన్’ అనే ఒకే సమూహం. ఏ భారతీయ భాష అన్నది స్థానికంగా తేలుస్తారు. న్యూయార్కు క్వీన్స్‌లో 2013 నుంచి బెంగాలీలో బ్యాలెట్టు ఇస్తున్నారు. చికాగో ఉన్న కుక్ కౌంటీలో హిందీ ఎంచుకున్నారు. న్యూయార్కు సిటీ 2017లో చేసిన 30వ నంబరు లోకల్ లా ప్రకారం సిటీ శాఖలు ముఖ్యమైన పత్రాల్ని పది భాషల్లో ఇవ్వాలి. అందులో బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి, మనది లేదు. నాకు వాళ్ళమీద అసూయేమీ లేదు. అక్కడ టాక్సీలు నడిపినవాళ్ళూ రెస్టరెంట్లలో పనిచేసినవాళ్ళూ దశాబ్దాలపాటు సంఘాలు కట్టుకుని పోరాడి తెచ్చుకున్నవి అవి. మనం ఆ దశాబ్దాల్లో ఆటా తానా సభలకి హీరోల్ని పిలిపించుకున్నాం. సభలు వద్దనను, నేనూ వెళ్తాను. ఆ మూడు రోజుల్లో ఒక గంట ఈ విషయానికి పెట్టుకోవచ్చు కదా అంటాను.

కొడుకే దుబాసీ అయితే

మనవాళ్ళు నాతో తరచు అనే మాట ఇంకోటి ఉంది: “మా అమ్మకి నేనున్నానుగా, ఇంటర్‌ప్రెటరు ఎందుకు?” దీనితో నాకు గట్టి పేచీ ఉంది.

నాకు తెలిసిన ఒక పెద్దావిడ, మా స్నేహితుడి తల్లి, గుంటూరు వైపువారు. కొడుకు ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు ఏమి అడిగినా “ఏం లేదురా, బానే ఉందని చెప్పు” అనేవారట. రెండోసారి వెళ్ళినప్పుడు అతనికి కాన్ఫరెన్సు కాల్ వచ్చి బయటికి వెళ్ళాల్సొస్తే, నర్సు ఫోనులో తెలుగు ఇంటర్‌ప్రెటర్ని పిలిచింది. అవతల ఒకావిడ “నమస్కారమమ్మా, మీరు చెప్పినదంతా డాక్టరుగారికి చెప్తాను, ఇంకెవరికీ చెప్పను” అంది. ఈవిడ పది నిమిషాలు ఆపకుండా మాట్లాడారట. రెండేళ్ళుగా మూత్రం ఆపుకోలేకపోవడం, దానివల్ల ఎవరింటికీ వెళ్ళలేకపోవడం - కొడుకు ముందు ఏ తల్లి చెప్తుంది ఇవి? తర్వాత స్నేహితుడికి ఈ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పారు, మందులు పనిచేశాక.

ఆస్పత్రుల విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులూ క్లినిక్కులూ ఇంగ్లీషు రాని రోగికి అర్హతగల ఇంటర్‌ప్రెటర్ని ఉచితంగా ఇవ్వాలి. వెంట వచ్చిన చుట్టాన్ని దుబాసీగా వాడుకోకూడదు, అత్యవసరమైతేనో రోగి తనంతట తాను కోరితేనో తప్ప. 2010లో వచ్చిన ఆరోగ్య సంస్కరణ చట్టం 1557వ సెక్షను కింద చేసిన నియమం ఇది.

ఇంకా బరువైన సంగతి ఒకటుంది. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్ల 911 చేసిందనుకోండి. పోలీసులు వస్తారు. ఆమెకి భయంతో ఇంగ్లీషు నోట్లోంచి రాదు. గడగడా మాట్లాడేది ఆ భర్తే. “చిన్న మాటామాటా ఆఫీసర్, ఆమెకి ఇంగ్లీషు రాదు, నేను చెప్తాను.” ఇంక ఆ రాత్రి రిపోర్టులో ఏం రాస్తారో వేరే చెప్పక్కర్లేదు. న్యూజెర్సీలో 1985లోనే దక్షిణాసియా స్త్రీలు ‘మానవి’ అనే సంస్థని పెట్టుకున్నారంటే ఈ సమస్య వయసెంతో తెలుస్తుంది. ఆ క్షణంలో పోలీసు తన ఫోనులో తెలుగు మనిషిని పిలవడమే ఆ పిల్లకి దొరికే మొదటి సాయం. అది ఔదార్యం కాదు, న్యాయం.

నిజానికి ఫోను ద్వారా భాష అందించే ఈ ఏర్పాటు పుట్టిందే పోలీసుల్లో. 1982లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఒక పోలీసు అధికారి, వియత్నాం శరణార్థుల మాట అర్థంకాక, స్వచ్ఛందంగా భాష తెలిసినవాళ్ళని ఫోనులో కలపడం మొదలుపెట్టాడు. అదే పెరిగి ఇవాళ లాంగ్వేజ్ లైన్ అనే పెద్ద కంపెనీ అయింది. 911, 311, 988 లాంటి నంబర్ల వెనక చాలా ఊళ్ళలో ఇలాంటి సర్వీసులే పనిచేస్తున్నాయి. వీటిలో తెలుగు దొరుకుతుంది. కాకపోతే అవతలివాళ్ళకి మన భాష పేరు తెలియాలి. “ఇండియన్” అంటే హిందీ మనిషిని కలుపుతారు. మన పెద్దవాళ్ళకి రెండు ఇంగ్లీషు మాటలు నేర్పితే చాలు: “తెలుగు, ఇంటర్‌ప్రెటర్.”

గూగుల్ ఉందిగా!

మన వృత్తివాళ్ళకి సహజంగా వచ్చే ఆలోచన ఇది. సిటీ వెబ్‌సైటు మూలన అనువాదం బొత్తం ఉంటుంది, నొక్కితే తెలుగొస్తుంది, ఇంకేం కావాలి? గూగుల్ అనువాదంలో తెలుగు 2011 జూన్‌లో చేరింది. అప్పటికీ ఇప్పటికీ పోలికే లేదు, ఒప్పుకుంటాను. మామూలు వార్త చదువుకోవడానికి బ్రహ్మాండంగా సరిపోతుంది.

కానీ ప్రమాద హెచ్చరికల భాష మామూలు భాష కాదు. తుఫానో విషవాయువో వచ్చినప్పుడు ఇక్కడ “షెల్టర్ ఇన్ ప్లేస్” అంటారు. ఉన్నచోటే ఉండండి, తలుపులేసుకోండి, బయటికి రావద్దు అని దాని అర్థం. మాటకి మాట పెట్టి “స్థలంలో ఆశ్రయం” అంటే, కోస్తా తుఫానులు చూసిన మన పెద్దలకి ఏమి స్ఫురిస్తుంది? పునరావాస కేంద్రానికి వెళ్ళాలి కాబోలు అని సంచీ సర్దుకుని బయటికొస్తారు. సరిగ్గా చెయ్యకూడని పని అదే. అలాగే “బాయిల్ వాటర్ అడ్వైజరీ”ని “మరిగే నీటి సలహా” అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. “కుళాయి నీళ్ళు కాచి చల్లార్చుకుని తాగండి” అంటే చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. తేడా వ్యాకరణంలో లేదు, వినే మనిషి ఎవరో తెలియడంలో ఉంది. అందుకే 1557వ సెక్షను కింద 2024లో వచ్చిన నియమాల్లో, ముఖ్యమైన ఆరోగ్య సమాచారాన్ని యంత్రం అనువదిస్తే అర్హతగల మనిషి సరిచూడాలని పెట్టారు.

ఇంక మనుషులు అనువదించినా పీడీఎఫ్ చేసేటప్పుడు ఒత్తులన్నీ విడిపోయి, గుణింతాలు చెల్లాచెదురైన తెలుగు కరపత్రాలు మీరు చూసే ఉంటారు. డిజైన్ చేసినవాళ్ళకి లిపి రాదు, వాళ్ళ సాఫ్టువేరుకి ఇండిక్ అక్షరాల్ని కలపడం రాదు. తెలుగు యూనికోడులో మొదటి వెర్షను నుంచీ, అంటే 1991 నుంచీ ఉన్నా ఇదీ పరిస్థితి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు సంయుక్తాక్షరం ఐఫోన్లలో యాప్‌లని కుప్పకూల్చిన సంగతి గుర్తుందిగా? అంతటి ఆపిల్‌కే తప్పనిది కౌంటీ ఆఫీసులో గ్రాఫిక్స్ చేసే అమ్మాయికి తప్పుతుందా? అచ్చుకి వెళ్ళేముందు ఒక తెలుగు మనిషి అయిదు నిమిషాలు చూస్తే చాలు.

మన డబ్బుతో అనువాదాలా?

దీనికి వ్యతిరేకంగా వచ్చే వాదాలు తేలిగ్గా తీసెయ్యదగ్గవి కావు. మొదటిది ఖర్చు. లక్ష డాలర్లు దాటిన జీతాలున్న మనుషుల తల్లిదండ్రుల కోసం పన్ను డబ్బులతో అనువాదాలెందుకు? దానికి నా జవాబు: అన్నీ అనువదించమని నేననను. ఈతకొలను వేళల పట్టిక తెలుగులో ఉండక్కర్లేదు. ప్రాణానికి, ఆరోగ్యానికి, న్యాయానికి సంబంధించినవి ఉండాలి. ఫోను ఇంటర్‌ప్రెటర్ ఖర్చు నిమిషాల లెక్కన, వాడినప్పుడే. పైగా ఆ కౌంటీకి ప్రాపర్టీ టాక్సు కట్టేవాళ్ళలో మనమూ ఉన్నాం.

రెండోది, ఈ దేశానికి వచ్చాక ఇంగ్లీషు నేర్చుకోవాలి కదా అని. నేర్చుకోవాల్సిందే. నేర్పేది కూడా స్థానిక ప్రభుత్వమే! కింగ్ కౌంటీ లైబ్రరీల్లో ‘టాక్ టైమ్’ అని ఇంగ్లీషు మాట్లాడ్డం అలవాటు చేసే ఉచిత తరగతులున్నాయి. వీసా ఏమిటని అడగరు. టీవీ సీరియళ్ళతో కాలక్షేపం చేసే అమ్మకి వారానికో గంట, కొరియన్ మామ్మతో, బ్రెజిల్ అమ్మాయితో కబుర్లు. ఇంగ్లీషు ఎంత వస్తుందో గానీ ఒంటరితనం మాత్రం తగ్గుతుంది. 65 దాటినవాళ్ళకి ఇక్కడి ఓర్కా కార్డులో తగ్గింపు ధర ఉంది, ఒక డాలరుకి బస్సు ఎక్కొచ్చు. కొడుకు కారు కోసం ఎదురుచూడకుండా తనే బస్సెక్కి లైబ్రరీకి వెళ్ళొచ్చిన రోజు ఆ పెద్దాయన నడకే మారిపోతుంది.

మూడోది కాలం మారడం. ప్రభుత్వ సేవలు ఇంగ్లీషు రానివాళ్ళకీ అందాలని 2000 ఆగస్టులో అధ్యక్షుడు క్లింటన్ ఇచ్చిన 13166వ ఉత్తర్వుని 2025 మార్చి 1న రద్దు చేశారు. అదే రోజు ఇంగ్లీషుని అధికార భాషగా ప్రకటించారు. 1964 పౌరహక్కుల చట్టం చట్టంగానే ఉంది. కానీ పైనుంచి తోసే చెయ్యి తగ్గినప్పుడు, సిటీలూ కౌంటీలూ తమంతట తాము చేసుకున్న ఆర్డినెన్సులే ఆధారం. అందుకే, కౌన్సిలు మెంబరు పేరు తెలుసుకోవాల్సిన అవసరం ఇదివరకటికన్నా ఇప్పుడు ఎక్కువ.

ఇలాంటివి వాడుకుంటే గ్రీన్ కార్డుకి అడ్డొస్తుందేమో అన్న భయం కూడా మనలో ఉంది. లైబ్రరీ తరగతికి వెళ్ళడం, ఆస్పత్రిలో ఇంటర్‌ప్రెటర్ని అడగడం ‘పబ్లిక్ చార్జి’ కిందకి రావు. నగదు సాయం, ప్రభుత్వ ఇన్సూరెన్సు లాంటివి తీసుకునేముందు మాత్రం లాయర్ని అడగండి. ఆ నియమాలు మారుతూ ఉంటాయి.

మనం చెయ్యగలిగినవి

ఉద్యమాలు చెయ్యమనడం లేదు. సర్వే ఫారం వస్తే పారెయ్యకుండా, భాష దగ్గర “ఇండియన్” అనో “హిందీ” అనో కాకుండా “తెలుగు” అని రాయండి. అమ్మ ఇంగ్లీషు గురించి అభిమానం పక్కనపెట్టి నిజం చెప్పండి. ఆస్పత్రిలో మీరు పక్కనే ఉన్నా సరే తెలుగు ఇంటర్‌ప్రెటర్ని అడగండి. మీ ఒక్క రిక్వెస్టు వాళ్ళ రిపోర్టులో ఒక అంకె. డ్రాప్‌డౌనులో తెలుగు లేకపోతే ఆ సంస్థకి ఒక ఈమెయిలు రాయండి. బగ్ రిపోర్టు రాయడం మనకి ఒకరు నేర్పాలా? చేతిలో సమయం ఉన్నవాళ్ళు కౌంటీ విపత్తు నిర్వహణ శాఖకి రాసి, తెలుగు హెచ్చరికలు సరిచూసి పెడతామని చెప్పండి. ప్రమాదాలకి సంబంధించి ఇరవై వాక్యాలు చాలు, మంచి వాడుక తెలుగులో, ముందే రాసి ఉంచుకోవడానికి. ఆ ఇరవై వాక్యాలకి మన అందరి దగ్గరా కలిపి ఒక ఆదివారం సరిపోతుంది.

2020 జనాభా లెక్కలప్పుడు సెన్సస్ వాళ్ళు 59 భాషల్లో సూచనల పుస్తకాలు వేశారు. అందులో తెలుగు ఉంది. ఆన్‌లైనులో జవాబులివ్వడానికి మాత్రం ఇంగ్లీషు కాకుండా పన్నెండు భాషలే. అందులో తెలుగు లేదు. అంటే మన భాషలో చదవొచ్చు గానీ మన భాషలో జవాబు చెప్పడానికి లేదు. 2030 లెక్కలకి ఇప్పటినుంచే పని జరుగుతోంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగాల్సింది అమ్మ కోసమే.